భితరకనికా మడ అడవులలో మా సైకిలు యాత్ర

(మన సంఘం మాసాంతపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి, నాన్నగారు పోయిన తర్వాత ఆయన పనిచేసిన రైల్వేలోనే గుమాస్తాగా చేరినవాణ్ణి. పార్సిలు ఆఫీసులో మూటలు తూయించడం, చీటీలు వ్రాయడం నా పని. రోజుకు వంద ఊళ్ళ పేర్లు నా చేతిమీదుగా పోతాయి గాని, నేను మాత్రం ఖుర్దారోడ్డు ప్లాట్‌ఫారం దాటి పోను. అటువంటివాణ్ణి పట్టుకొని మన కార్యదర్శిగారు, "సైకిలు మీద అడవికి వెళ్ళి వచ్చావట కదా, ఆ సంగతేమిటో సభలో చెప్పవయ్యా" అన్నారు. పెద్దల మాట త్రోసివేయలేక నిలుచున్నాను. తప్పులుంటే మన్నించండి.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగు పనికి ఇక్కడికి వచ్చారు. మా నాన్నగారు ఇక్కడే పుట్టారు, నేనూ ఇక్కడే పుట్టాను. మూడు తరాలుగా మహానది నీళ్ళు త్రాగుతున్నాం. అయినా నాలుగు రోజులు సెలవు దొరికితే మేం చేసే పని ఒక్కటే. దక్షిణం వైపు పోయే బండి ఎక్కుతాం. సింహాచలమో, అన్నవరమో, తిరుపతో, లేకపోతే చుట్టాల పెళ్ళో! కటకం దాటి సముద్రం దిక్కుగా పోతే ఏముందో నాకు ముప్పైనాలుగేళ్ళు వచ్చేవరకూ తెలియదు. ఇక్కడ కూర్చున్నవారిలో నాలాంటివారు ఇంకా కొందరుంటారనే అనుకొంటున్నాను.

మా ఆఫీసులో నా ప్రక్క బల్ల దగ్గర కూర్చునే ఒడియా మిత్రుడి స్వగ్రామం కేంద్రాపడా జిల్లాలో రాజనగర్ చేరువలో ఉంది. "మా ఊరు ఒకసారి రా, ఇంతేసి మొసళ్ళను చూపిస్తాను" అని అతను నాలుగేళ్ళుగా పిలుస్తున్నాడు. క్రిందటి సంవత్సరం మాఘమాసంలో ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. "బస్సులో పోతే రోడ్డు కనపడుతుంది, సైకిలు మీద పోతే ఊళ్ళు కనపడతాయి" అన్నాడతను. సరేనన్నాను. మా అక్క కొడుకు పద్నాలుగేళ్ళవాడు, "మామయ్యా, నేనూ వస్తా" అని వెంటపడ్డాడు. మా అక్క వాడి సంచీ సర్ది ఇస్తూ, "ఎలా తీసుకువెళ్తున్నావో అలా తెచ్చి అప్పగించు తమ్ముడూ" అంది. ఆ మాట అప్పుడు నవ్వుతూనే విన్నాను.

మూడు సైకిళ్ళను లగేజీగా బుక్ చేసి, బ్రేకువానులో వేయించి, కటకంలో దించుకొన్నాం. పార్సిలు గుమాస్తా సొంత సరుకుకు సొంత చీటీ వ్రాసుకోవడం నాకదే మొదటిసారి. అక్కడినుంచి మహానది దాటి, జగత్‌పూర్, సాలెపూర్ మీదుగా కేంద్రాపడా దారి పట్టాం. దారంతా చదునే. ఎత్తులూ లేవు, పల్లాలూ లేవు. ఎదురుగాలి ఒక్కటే శత్రువు. సాలెపూర్‌లో రసగుల్లాలు తిన్నాం. సాయంత్రానికి కేంద్రాపడా చేరి బలదేవజీవుల దర్శనం చేసుకొని, అక్కడ ప్రసిద్ధమైన రసాబళి ప్రసాదం తిన్నాం. చిక్కటి పాలలో నానిన ఛెనా బిళ్ళలు అవి. రెండోరోజు పట్టాముండాయి మీదుగా రాజనగర్ వైపు తొక్కాం. అక్కడికి వచ్చేసరికి నేల తీరు మారిపోయింది. ఒక ప్రక్క వరిచేలు, ఒక ప్రక్క ఉప్పునీటి కాలవలు, వాటి మధ్య సముద్రపు పోటును ఆపడానికి వేసిన మట్టి గట్లు. కొన్నిచోట్ల రొయ్యల చెరువులు. మా మిత్రుడు వాటిని చూపించి, "ఇక్కడ నా చిన్నప్పుడు అడవి ఉండేది" అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రి వాళ్ళ ఇంట్లో పడుకొన్నాం. వాళ్ళమ్మగారిని నేను మావుసీ అని పిలిచాను. ఆవిడ మాకు పఖాళ అన్నం, బడీచూరా, వేయించిన చేపలు పెట్టింది. మన చద్దన్నానికి పఖాళ తోబుట్టువే.

అసలు సంగతి మూడోరోజు ఉదయం జరిగింది. అడవిలోకి పడవలు బయలుదేరే గుప్తి రేవుకు గట్టుదారి మీద పోతున్నాం. మిత్రుడు ముందున్నాడు. మావాడి సైకిలు చైను ఊడింది. ఇద్దరం కలిసి ఎక్కించేసరికి వాడి చేతులు రెండూ గ్రీజుతో, బురదతో నల్లబడ్డాయి. గట్టు క్రింద పది అడుగుల దూరంలో కాలవ. నీళ్ళు అద్దంలాగా ఉన్నాయి. నేనే అన్నాను, "దిగి చేతులు కడుక్కొని రారా" అని.

వాడు దిగుతున్నాడు. అవతలి గట్టుమీద గేదెలు కాసుకొంటున్న కుర్రవాడొకడు చేతులెత్తి, "బవుళ! బవుళ!" అని అరిచాడు.

అయ్యా, ఆఫీసులో నేను ఒడియా ధారాళంగా మాట్లాడతానని నాకు పేరుంది. నాకు తెలిసిన ఒడియాలో బవుళ అంటే మామిడి పూత. మాఘమాసం, దారి పొడుగునా మామిడిచెట్లు విరగబూసి ఉన్నాయి. ఆ కుర్రవాడు పూత చూడమంటున్నాడనుకొని తల ఎత్తి చెట్టు వైపు చూశాను. మావాడికి ఆ మాటే తెలియదు. కాలనీలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మైదానంలో హిందీ, వాడికి ఇక ఒడియాతో పనెక్కడిది? పలకరిస్తున్నాడనుకొని నవ్వుతూ చెయ్యి ఊపి, నీళ్ళ అంచున వంగాడు.

ముందు పోతున్న మా మిత్రుడు ఆ అరుపు విని సైకిలును అలాగే పడవేసి పరుగెత్తుకొచ్చాడు. గట్టుమీదనుంచి జారుకుంటూ దిగి, మావాణ్ణి చొక్కా కాలరు పట్టుకొని పైకి ఈడ్చేశాడు. అప్పుడు చూశాను. నీళ్ళలో నాలుగైదు గజాల దూరంలో చెక్కముక్క అనుకొన్నది చెక్కముక్క కాదు. అది కాసేపు అలాగే ఉండి, ఒక్క అల లేవకుండా మునిగిపోయింది.

పెద్ద ఉప్పునీటి మొసలిని అక్కడివాళ్ళు బవుళ అంటారు. నా ఆఫీసు ఒడియాలో కుంభీరం ఉంది గాని బవుళ లేదు. మా మిత్రుడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. గట్టుమీద చతికిలబడి చాలాసేపు కాలవ వంక చూస్తూ కూర్చున్నాడు. అతని చేతులు వణుకుతున్నాయి. ఎందుకో నాకు ఆ రాత్రిగాని తెలియలేదు.

వెనక్కి తిరిగి పోదామా అన్నాను. మావాడే, "వద్దు మామయ్యా, ఇంతదూరం వచ్చాం, చూసే పోదాం" అన్నాడు. గుప్తిలో అటవీశాఖవారి అనుమతి చీటీ తీసుకొని, సైకిళ్ళు అక్కడే పెట్టి పడవ ఎక్కాం.

భితర్ అంటే లోపలిది అని మీకందరికీ తెలుసు. కనికా ఒక జమీందారీ పేరు. 1952 వరకూ ఈ అడవి ఆ జమీందారులదే. తర్వాత ప్రభుత్వానికి వచ్చింది. బ్రాహ్మణి, వైతరణి నదులు సముద్రంలో కలిసేచోట బురదా ఉప్పునీరూ కలగలిసిన అడవి ఇది. 1975లో 672 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. అందులో 145 చదరపు కిలోమీటర్లు 1998లో జాతీయ ఉద్యానవనమైంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలల రామ్‌సార్ పట్టికలో చేరింది.

ఆ అడవిలో గడియారం చెల్లదు. పడవ ఎప్పుడు కదలాలో, ఏ పాయలో దూరాలో ఆటుపోట్లే నిర్ణయిస్తాయి. రోజుకు రెండుసార్లు నీరు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. మర్నాడు అదే పోటు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రోజూ ఇంత ఆలస్యంగా నడిచే బండి మీద ఒక్క ఫిర్యాదు కూడా రాదు చూడండి! మా రైల్వేకు అంత అదృష్టం లేదు.

నీరు దిగిన వేళ పాయల ఒడ్డున బురద బయటపడుతుంది. అప్పుడే అసలు సంత మొదలవుతుంది. ఒక డెక్క మాత్రం ఒళ్ళంత పెద్దదిగా ఉన్న ఎర్ర పీతలు వేలకొద్దీ ఆ డెక్కను ఊపుతూ ఉంటాయి. రెక్కల మీద ఆనుకొని బురదలో పాకే చేపలు ఉంటాయి, మనిషిని చూస్తే గెంతుతాయి. మావాడి చెయ్యంత కాదు, మావాడంత పొడుగున్న నీటి ఉడుము ఒకటి నాలుక ఆడిస్తూ నడిచిపోయింది. నీలం, గోధుమ, నలుపు తెలుపు లకుముకి పిట్టలు కొమ్మకొకటి చొప్పున కాపలా కూర్చున్నాయి. ఈతచెట్టులాగా గుబురుగా పెరిగే హెంతాళ పొదల క్రింద చుక్కల దుప్పుల మంద ఒకటి మేస్తోంది. వాటికి వంద గజాల దూరంలోనే మొసలి నోరు తెరుచుకొని ఎండ కాగుతోంది. నోరు తెరవడం ఆకలివల్ల కాదట, ఒంట్లో వేడి తగ్గించుకోవడానికట. అంత దగ్గరగా ఉండి కూడా అది మా పడవ వంక చూడనేలేదు. గజేంద్రమోక్షం చదువుకొన్న మనకు మొసలి అంటే పట్టు వదలని శత్రువు. ఆ రోజు నాకు గజేంద్రుడి కాలే కళ్ళముందు మెదిలింది.

పడవ దిగి వేటమంచె దాకా అడవిలో కాలిబాటన నడిచాం. అటవీశాఖ కాపలాదారు ముందు, మేం వెనక. బాట ఇరుప్రక్కలా నేలలోనుంచి మేకులు నాటినట్టుగా వేళ్ళు పైకి పొడుచుకొని ఉన్నాయి. అవి చెట్టుకు ముక్కులని చెప్పాడతను. ఆ బురదలో గాలి ఆడదు కనుక వేళ్ళు పైకి వచ్చి ఊపిరి పీల్చుకొంటాయి. బాణి అనే చెట్టు ఆకు నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంది. త్రాగిన ఉప్పును ఆకుల మీద చెమటలాగా కక్కేస్తుందట. గువాఁ అనే చెట్టును మాత్రం తాకవద్దన్నాడు. దాని పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయి. రాయి అనే చెట్టు పిల్లను కన్నతల్లిలాంటిది. గింజ కొమ్మమీద ఉండగానే మొలకెత్తి, చేటంత కాడ అయిన తర్వాత జారిపడుతుంది. పోటులో కొట్టుకుపోయి, ఏ ఒడ్డున బురద తగిలితే అక్కడ నాటుకొంటుంది.

మా అమ్మగారి పుట్టిల్లు యానాం ప్రక్కన. కోరంగి మడ అడవి వాళ్ళ ఊరికి కూతవేటు దూరం. అదీ 1978 నుంచి అభయారణ్యమే. అక్కడ బాణిని మడ అంటారు, గువాఁను తిల్ల అంటారు. పేరు మారింది గాని చెట్టు మారలేదు. ఆ కోరంగి రేవునుంచే ఒకప్పుడు మనవాళ్ళు ఓడలెక్కి రంగూన్ వెళ్ళారు. అక్కడ తెలుగువాళ్ళకు కోరంగీలనే పేరు పడింది. ఆ గింజను చేతిలో పట్టుకొన్నప్పుడు నాకు మా తాతగారు జ్ఞాపకం వచ్చారు. ఆయనా అలాగే కొట్టుకువచ్చి ఇక్కడి బురదలో నాటుకొన్నారు. అయితే ఆ గింజ నాటుకొన్న చోట వేరు దింపి, అక్కడి నీటినే త్రాగుతుంది. మేం మూడు తరాలుగా సగం వేరే దింపాం.

వేటమంచె రాజుల కాలంనాటిది. ప్రక్కన మంచినీటి చెరువు. చుట్టూ ఉప్పునీరే కనుక జంతువులు ఆ చెరువుకు రాక తప్పదు. పైనుంచి కాల్చడం సులువు. ఇప్పుడు ఆ మంచె చూడటానికి మాత్రమే ఉంది. తర్వాత డంగమాల్‌లో మొసళ్ళ కేంద్రం చూశాం. 1975లో మొదలుపెట్టినప్పుడు ఈ నదుల్లో ఉప్పునీటి మొసళ్ళు వందకు లోపే మిగిలాయట. గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచి నదుల్లో వదిలారు. 2024 లెక్కలో అవి 1,811. వేసవిలో తల్లిమొసలి ఆకులూ బురదా కుప్పవేసి గుడ్లు పెడుతుంది. ఆ కుప్పలోని వేడినిబట్టే పిల్ల ఆడదో మగదో అవుతుందట. ఆ రోజుల్లో అది మహా కోపంగా ఉంటుంది కనుక మే 1 నుంచి జూలై 31 వరకూ యాత్రికులను రానివ్వరు. వెళ్ళదలచినవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చలికాలమే మేలు. త్రాగే నీళ్ళు మోసుకుపోవాలి, జారని చెప్పులు వేసుకోవాలి, ముదురురంగు బట్టలు కట్టుకోవాలి, కాపలాదారు మాట వినాలి. ఈ చివరిదే ముఖ్యం.

ఆ రాత్రి తిరిగివచ్చి మావుసీకి ఉదయం జరిగింది చెప్పాం. ఆవిడ మావాణ్ణి దగ్గరకు తీసుకొని వాడి రెండు చేతులూ పట్టి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు చెప్పాడు మా మిత్రుడు. పదిహేనేళ్ళ క్రిందట వాళ్ళ చిన్నాన్నను, అతనికి అక్షరాలు నేర్పిన మనిషిని, అదే కాలవలో బవుళ ఈడ్చుకుపోయింది. కాళ్ళు కడుక్కోవడానికే దిగాడట. ఇప్పుడు ఆ ఊరి రేవుల్లో నీళ్ళలో వెదుళ్ళు పాతి దడి కట్టుకొని, దాని లోపలే స్నానాలు చేస్తున్నారు.

నేను మెల్లగా మావుసీని అడిగాను: "ఇంత జరిగినా ఈ అడవీ ఈ మొసళ్ళూ ఎందుకు, తీసివేయమని మీరు అడగలేదా?" ఆవిడ జవాబు నాకు వచ్చిన తెలుగులో చెబుతాను. "ఏడుస్తాం బాబూ, తిడతాం కూడా. కాని ఆ తుపాను రాత్రి సముద్రం మా ఇంటిదాకా రాలేదు. అడవి అడ్డం నిలిచింది. అడవిని కొట్టకుండా కాపలా కాసేది మొసలే. దానికి భయపడే కదా గొడ్డళ్ళు లోపలికి పోనిది!"

ఆవిడ చెప్పిన తుపాను 1999 అక్టోబరు 29 నాటిది. నేనప్పుడు చిన్నవాణ్ణి. ఖుర్దారోడ్డులో మా క్వార్టరు కిటికీలు ఊడిపోవడం, అమ్మ మమ్మల్ని మంచం క్రిందకు నెట్టడం జ్ఞాపకం. ఆ తుపానులో పదివేలమంది దాకా పోయారు. కేంద్రాపడా జిల్లాలో మడ అడవి అడ్డున్న ఊళ్ళలో మరణాలు తక్కువని తర్వాత పరిశోధకులు లెక్కలు కట్టి 2009లో ప్రకటించారు. 2024 అక్టోబరులో వచ్చిన దానా తుపాను సరిగ్గా ఈ భితరకనికా, ధామ్రాల మధ్యనే తీరం దాటింది. మావుసీ పరిశోధనలు చదువుకోలేదు. అయినా లెక్క ఆవిడకు ముందే తెలుసు. ఆ లెక్కలో ఒక మనిషిని పోగొట్టుకొని కూడా ఆవిడ ఆ మాట అనగలిగింది.

ఇక నేను మీకు చెప్పదలచుకొన్న మాట. ఈ వేదిక మీద "మన పిల్లలు తెలుగు మరచిపోతున్నారు" అని ఎందరో పెద్దలు బాధపడ్డారు. ఆ బాధ నాదీ. ఆదివారం తెలుగు తరగతికి మావాడిని చెవి పట్టుకొని పంపేది నేనే. కాని ఆ ఉదయం వాణ్ణి కాపాడింది ఒక ఒడియా మాట. ఆ మాట నాకు తెలియదు, వాడికి తెలియదు. ఎవరో గేదెల కుర్రవాడు ఊరూ పేరూ తెలియని మనకోసం గొంతు చించుకొన్నాడు. మనం విని కూడా వినలేదు. మూడు తరాలు ఉన్నచోట అపాయాన్ని ఏమంటారో తెలియకపోతే, మనం అక్కడ కాపురం ఉన్నట్టా, ప్లాట్‌ఫారం మీద బండికోసం కూర్చున్నట్టా?

కాబట్టి కార్యవర్గానికి రెండు మనవులు. ఒకటి, ఆదివారం తెలుగు తరగతి తర్వాత ఒక గంట ఒడియా కూడా చెప్పించండి. పుస్తకాల ఒడియా ఒక్కటే కాదు. చెట్టు పేర్లు, చేప పేర్లు, వానపేర్లు తెలిసిన ఊరివాళ్ళను పిలిచి చెప్పించండి. మా మిత్రుడు వస్తానన్నాడు. రెండు, ఏటా ఒక్కసారైనా పిల్లలను దక్షిణం బండి కాకుండా ఈ రాష్ట్రంలోని ఏదో ఒక మూలకు తీసుకువెళ్దాం. చిలికా ఉంది, సిమిలిపాల్ ఉంది, భితరకనికా ఉండనే ఉంది. సైకిళ్ళు బ్రేకువానులో వేయించే పూచీ నాది.

మా అక్కకు ఈ సంగతంతా నేను ఈనాటిదాకా చెప్పలేదు. ఆవిడ ఈ సభలో మూడో వరసలో కూర్చుని ఉంది. అక్కా, ఎలా తీసుకువెళ్ళానో అలాగే తెచ్చి అప్పగించాను. కాని ఆ గొప్ప నాది కాదు. అవతలి గట్టుమీది ఆ కుర్రవాడిది, నన్ను ఒక్క మాట అనని మా మిత్రుడిది.